కుడిచెవి పాట

ఖాళీ మేత సంచులు అమ్మగా వచ్చినవీ
జీతంలో మిగిలినవీ కలిపి పదకొండొందలు
చొక్కా లోపలి జేబులో పెట్టుకుని
ఆకివీడులో గఫూర్ కొట్టు మెట్టెక్కాను.
కాళ్ళకింకా చెరువు బురద. గుమ్మంలోనే ఆగిపోతే
"రా యేసుపాదం, బురదైతే తుడిస్తే పోద్ది,
బేరం పోతే మళ్ళీ రాదు" అన్నాడు.

అద్దం బల్ల మీద మూడు పెట్టాడు.

ఒకటి తెరున్నది.
పాట మోగుతుంటే రంగులు గిర్రున తిరుగుతాయి.
నాలుగు వేల పాటలు పడతాయట.
నాలుగు వేలు!
మా అమ్మ నాట్లేస్తూ పాడినవీ,
ఆదివారం గుళ్ళో పాడేవీ,
పెళ్ళిళ్ళ మైకుల్లో విన్నవీ
నిలబడి లెక్కేసుకున్నా మూడొందలు దాటలేదు.
మిగతా గదులన్నీ ఖాళీగా ఉంచుకుని
అద్దె కట్టుకోమంటాడా నన్ను?

ఇంకోటి చెవిపిడి ఉన్న డబ్బా.
పెన్‌డ్రైవ్ గుచ్చితే ఊరంతా వింటుంది.
ఉప్పుటేరు గట్టు మీద ఊరంటే
నేనూ, రెండు కుక్కలూ,
కొంగల్ని బెదరగొట్టే రేకు ముక్కా.

మూడోది అగ్గిపెట్టంత. తెర లేదు.
తర్వాత ఏ పాటొస్తుందో దానికే తెలీదు.
పెన్సిల్ సెల్లు ఒకటేస్తే మూడు రాత్రులు.
మీటలు మాత్రం పెసరగింజల్లా
పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

మంచినీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచాను.
కళ్ళు మూసుకుని
ఒక్కోదాన్నీ మోగించి, ఆపి చూశాను.
తెర మీద తడివేలు జారిపోయింది, పాట ఆగలేదు.
డబ్బా ఆగే ముందు
ఏదో అర్థంకాని భాషలో వీడ్కోలు చెప్పింది.
అగ్గిపెట్టె టక్కున నోరు మూసింది.

గఫూర్‌కి నవ్వాగలేదు.
"అందరూ ఎంత బాగా పాడుద్దని అడుగుతారు,
నువ్వేంట్రా,
ఎంత తొందరగా ఆగుద్దో చూస్తన్నావ్?"

చెప్పలేదు.
చెప్పాలంటే లాజరు సంగతి చెప్పాలి.
పోయినేడు, పక్క చెరువు.
రెండు చెవుల్లోనూ పాట పెట్టుకున్నాడు.
మూడు దాటాక కరెంటు పోయింది.
ఏరియేటర్ చక్రాలు ఆగిపోయాయి.
జనరేటర్ పదడుగుల దూరంలో
చల్లగా కూర్చునుంది.
తెల్లారేసరికి గట్టు వెంబడి రొయ్య,
ఎవరో గంపలకొద్దీ గుమ్మరించినట్టు.
లాజరు చెవుల్లో అప్పటికీ మోగుతూనే ఉంది.
నేనే వెళ్ళి తీశాను.
ఏ పాటో చెప్పను.

ఏడొందల యాభై అన్నాడు అగ్గిపెట్టెకి.
కత్తెర అడిగి తీసుకుని
అక్కడే, అతని కళ్ళ ముందే
ఎడమచెవి తీగ కత్తిరించేశాను.
"అరెరె" అంటుంటే
తెగిన ముక్క బల్ల మీద పెట్టి
"ఇది నీకొదిలేస్తన్నా, రేటు తగ్గించు" అన్నాను.
ఇరవై తగ్గించాడు.

అప్పట్నుంచీ
కుడిచెవిలో ఒక గొంతు,
ఎడమచెవిలో పద్నాలుగు చక్రాలు
నీళ్ళని చరిచే చప్పుడు.
విషాదమైనా, సరసమైనా, స్తోత్రమైనా
అన్నిటికీ అదే దరువు.
చక్రమొక్కటి మందగిస్తే
పాట గతి తప్పినట్టుండేది నాకు.
పెసరగింజ నొక్కేవాణ్ణి. లేచేవాణ్ణి.
టార్చీ, బురద, జనరేటర్ తాడు.
మళ్ళీ వచ్చేసరికి
ఆ గొంతు వదిలిన మాట దగ్గరే
ఓపిగ్గా నిలబడి ఉండేది.

మొన్న భీమవరం బస్సులో
డ్రైవరు వేసిన పాటల్లో నాదొకటి వచ్చింది.
ఎన్ని రాత్రులు విన్నానో దాన్ని.
రెండో చరణం ముందు
ఒక వేణువు లేచింది.
నేనెన్నడూ వినని వేణువు.
ఇన్నాళ్ళూ ఎడమవైపున ఉండి ఉంటుంది,
గఫూర్ బల్ల మీద వదిలేసిన వైపు.

బాగుంది. చాలా బాగుంది.
కానీ దాని వెనకాల ఏ చప్పుడూ లేదు.
చక్రాలు లేవు.
గుండె దడదడలాడి
సీట్లోంచి లేచి నిలబడ్డాను, తాడు కోసం చెయ్యి చాచి.

"ఏవయ్యా, ఉండి ఇంకా రాలేదు,
ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.